చేతిరాత ఫాంట్‌తో శుభలేఖలు వేస్తే లాయరు నోటీసు

ప్రశ్న: పర్లాకిమిడిలో డీటీపీ షాపు నడుపుతున్నాను. నెట్‌లో ఉచితంగా దొరికిన చేతిరాత తరహా ఇంగ్లిష్ ఫాంట్‌తో శుభలేఖలు, షాపు బోర్డులు చేశాను. కాపీరైట్ ఉల్లంఘన అంటూ ఫాంట్ కంపెనీ తరఫున నోటీసు వచ్చింది. శుభలేఖ పెళ్లివాళ్ల సొంత వాడకమే కదా? వాళ్లు అడిగినంతా కట్టాలా?

జవాబు: పెళ్లి వాళ్లదే గానీ, డబ్బు తీసుకుని కార్డు తయారుచేసింది మీరు. 'సొంత వాడకానికి మాత్రమే' అన్న ఫాంట్‌కు అది వ్యాపార వాడకమే. అలాగని అడిగినంతా వెంటనే కట్టేయనక్కర్లేదు.

అక్షరాల రూపం వేరు, ఫాంట్ ఫైలు వేరు. టైప్‌ఫేస్‌ను, అంటే అక్షరాల రూపాన్ని, కళాకృతిగా నమోదు చేయడానికి 2002లో కాపీరైట్ బోర్డు ఒప్పుకోలేదు. రూపానికి రక్షణ కావాలంటే డిజైన్ల చట్టం, 2000 కింద నమోదు చేయించుకోవాలి. అందుకే కంపెనీలు ఫైలును కంప్యూటర్ ప్రోగ్రాముగా చూపిస్తాయి. 1957 కాపీరైట్ చట్టం ప్రోగ్రామును సాహిత్య కృతుల్లో చేర్చింది. మీకు చిక్కు అక్కడే, ఆ ఫైలుతో వచ్చిన లైసెన్సు షరతుల్లోనే.

తెలియక వాడినవారి మీద ఆపుదల ఉత్తర్వు, ఆ పనిలో వచ్చిన లాభం మాత్రమే కోరవచ్చని కాపీరైట్ చట్టం 55వ సెక్షన్ అంటుంది. కానీ ఫాంట్ దిగిన జిప్ ఫైల్లోనే షరతు రాసి ఉంటే 'తెలియదు' అన్న మాట నిలవడం కష్టం. నోటీసు అందాక కూడా వాడారో, తెలిసి వాడినట్టే. అక్రమ ప్రోగ్రామును తెలిసి వాడితే 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి.

కాబట్టి ఈ రోజే ఆ ఫాంట్‌ను అన్ని కంప్యూటర్లలోంచి తీసేయండి. జిప్ ఫైలు, అందులోని లైసెన్సు పాఠం, మీ బిల్లులు మాత్రం పెన్‌డ్రైవ్‌లో దాచండి. సాక్ష్యం చెరిపేసిన అపవాదు మీకొద్దు. తర్వాత లాయరు చేత జవాబు రాయించండి: హక్కు మీదేనని పత్రాలు చూపండి, ఏ వెర్షన్, ఏ పనిలో, ఏ షరతు తప్పామో చెప్పండి అని. రిజిస్ట్రేషన్ లేకపోయినా కాపీరైట్ ఉంటుంది గనుక 'మీరు రిజిస్టర్ చేయించలేదు' అన్న ఒక్క వాదన మీద ఆధారపడకండి. రాజీకొస్తే లైసెన్సు ధర దగ్గర బేరం మొదలుపెట్టండి. పాత పనుల మీద ఇక దావా ఉండదని రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

చాలా షాపులు చేసే ఇంకో తప్పుంది: ప్రింటింగ్ కోసం బరంపురం ప్రెస్‌కు డిజైన్‌తో పాటు ఫాంట్ ఫైలు కూడా పంపేస్తారు. అది మరో కాపీ ఇవ్వడమే. అక్షరాలను కర్వ్‌లుగా, అంటే ఫాంట్ ఫైలు అక్కర్లేని గీతలుగా, మార్చి పంపండి. లైసెన్సు కొన్నా లోగోకు, వెబ్‌సైటుకు వేరే అనుమతి అడగవచ్చు. ఆ వాక్యాలు చదవండి.

తెలుగు శీర్షికలకైతే తెలుగు సాంస్కృతిక సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన లక్కిరెడ్డి ఫాంట్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉంది. మీ ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారి పేరిట ఉన్న ఫాంటూ అంతే. వీటితో కార్డులు వేసి అమ్ముకోవచ్చు, ఫాంట్‌ను విడిగా అమ్మకూడదు. ముహూర్తం, ఫోన్ నంబర్లు మాత్రం మామూలు ఫాంట్‌లోనే పెట్టండి. చేతిరాత ఫాంట్లలో 1, 7 కలిసిపోతుంటాయి.