వాబ్‌గెషిగ్ రైస్ నవల: పేరులో ‘మూన్’ ఉంది, కథలో చంద్రుడేడీ?

కెనడా రచయిత రైస్ రాసిన ‘మూన్ ఆఫ్ ద టర్నింగ్ లీవ్స్’ నవలకి పరిచయం రాస్తూ, పేరులో ‘మూన్’ ఉన్నా కథలో చంద్రుడు లేడేంటని అడిగారు. మీరు చిక్కుకున్నది ‘మూన్’ని చందమామ అనుకోవడం వల్ల. రెండో పుస్తకంతో మొదలుపెట్టడం ఇంకో కారణం. మనుషులెవరో తెలియట్లేదన్నారు కదా, అందుకే.

1. ముందు ‘మూన్ ఆఫ్ ద క్రస్టెడ్ స్నో’ (2018) చదవండి. కెనడా ఉత్తరాన ఒక అనిషినాబే (అక్కడి ఆదివాసులు) ఊరు. చలికాలం ముంగిట కరెంటు, ఫోన్లు పోతాయి. మీ దగ్గరున్న ‘టర్నింగ్ లీవ్స్’ (2023) పదేళ్లకు పైగా గడిచాక జరిగే కథ.

2. చాలామంది జారిపోయేది ఇక్కడే. అనిషినాబే భాషలో ‘గీజిస్’ అంటే సూర్యుడు, చంద్రుడు, నెల కూడా. పైమంచు గట్టిపడి పెచ్చు కట్టే నెలకు ‘మూన్ ఆఫ్ ద క్రస్టెడ్ స్నో’ అని పేరు. అంటే మొదటి పుస్తకం పేరు చెప్పేది చలికాలం చివరి రోజుల గురించి. మనకి కష్టమే లేదు: నెలవంకలో ఉన్న ‘నెల’, జీతమొచ్చే ‘నెల’ ఒకటే మాటగా! పరిచయంలో ‘చంద్రుడు’ కొట్టేసి ‘నెల’ అని రాయండి.

3. కరెంటు ఎందుకు పోయిందో అని వెతక్కండి. ఊరికి తెలిసినంతే మనకీ తెలుస్తుంది. నాకు నచ్చింది అదే.

4. రచయిత గురించి రెండు ముక్కలు చాలు: కెనడాలోని ఒంటారియోలో, జార్జియన్ బే ఒడ్డున వాసాక్సింగ్ అనేది ఆయన ఊరు. సీబీసీలో (కెనడా ప్రభుత్వ రేడియో, టీవీ సంస్థ) ఏళ్ల తరబడి విలేకరి, 2020లో మానేశారు. మొదటి కథల పుస్తకం 2011లో వచ్చింది.

‘రెడ్ ఇండియన్’ అని మాత్రం రాయకండి, అనిషినాబే అనండి.