డాక్టరు ఫీజు మూడొందలు, కారు కిరాయి నాలుగు వేలు

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. రెండేళ్ల కిందట సొంతూరు బొబ్బిలి వచ్చేశాం. నాకు బీపీ, నా భార్యకు షుగరు. మా అమ్మకు 84 ఏళ్లు. ఇక్కడ ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక ప్రతిదానికీ విశాఖ పరిగెడుతున్నాం. గత ఏడాది ఆరుసార్లు వెళ్తే 62 వేలు అయింది. మా ఇద్దరికీ ఉన్న ఆరోగ్య బీమాకు ఏటా 41 వేలు కడుతున్నా, ఆరేళ్లలో ఒక్క క్లెయిమూ లేదు. ఏజెంటేమో ఇంకో 14,500 కట్టి ఓపీ రైడర్ (ఆసుపత్రిలో చేరకుండా డాక్టరుకు చూపించుకునే ఖర్చుల కోసం అదే పాలసీకి జోడించేది) తీసుకోమంటున్నారు. తీసుకోనా? లేక బీమా ఆపేసి ఆ డబ్బే డాక్టర్ల ఖర్చుకు ఉంచుకోనా?

జవాబు: రైడర్ వద్దు. బీమా ఆపొద్దు. మీకు కావలసింది బొబ్బిలిలోనే ఒక డాక్టరు.

మీరు పంపిన బిల్లులన్నీ కూడి చూశాను. ఆరు ట్రిప్పులకు కారు కిరాయి 25,200. పరీక్షలకు 21,500. మందులకు 6 వేలు. దారిలో తిండికీ టీలకూ 3 వేలు. డాక్టర్ల ఫీజులు మాత్రం 6,300. అంటే వైద్యుడి చేతికి వెళ్లింది పదో వంతు. మిగతాది చాలావరకు డాక్టరు దూరంగా ఉన్నందుకు పడిన జుర్మానా. పరీక్షల సంగతీ చూడండి. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీని మీ ఆవిడకు ఐదు వారాల తేడాతో రెండుసార్లు చేశారు. రెండో డాక్టరు తప్పు చేశారని నేను అనను. ముందటి కాగితం ఆయన ముందు లేదు, అంతే.

రైడర్‌లో ఏడాదికి ఇచ్చేది గరిష్ఠంగా 20 వేలు. 14,500 కట్టి మొత్తం వాడుకున్నా మిగిలేది 5,500. కంపెనీతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ క్లినిక్కులు చూస్తే అన్నీ విశాఖలోనే. రెండుసార్లు కారెక్కితే ఆ మిగులు కాస్తా ఆవిరి. పైగా అమ్మగారు ఈ పాలసీలోనే లేరు.

ఇక బీమా ఆపడం గురించి. ఆరేళ్లు క్లెయిమ్ రాలేదంటే డబ్బు వృథా అయిందని కాదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు కంపెనీ డబ్బివ్వని మొదటి కొన్నేళ్లు, అంటే వెయిటింగ్ పీరియడ్, మీకు ఎప్పుడో దాటిపోయింది. వరసగా ఐదేళ్లు పూర్తయ్యాక, మోసం నిరూపిస్తే తప్ప, ‘జబ్బు దాచారు’ అన్న సాకుతో కంపెనీ క్లెయిమ్ కొట్టేయలేదు. ఇప్పుడు ఆపితే ఇవన్నీ పోతాయి. రేపు 65లో మళ్లీ తీసుకోవాలంటే షుగరు, బీపీ రాసి మొదటినుంచి మొదలుపెట్టాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. కాబట్టి కడుతూ ఉండండి.

డాక్టరు విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి మా ఇంట్లో జరిగిన ఒక సంగతి కారణం. 2018లో మా నాన్నగారికి అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వచ్చింది. సిటీలో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డ్యూటీ డాక్టరు ‘బీపీ ఎన్నాళ్లనుంచి?’ అని అడిగితే, కంగారులో ఉన్న తమ్ముడు ‘చాలా ఏళ్లు సార్, పదిహేనేళ్లు ఉంటుందేమో’ అనేశాడు. ఆయన అదే రాసుకున్నారు. పాలసీ 2013లో తీసుకున్నది, ఫారంలో బీపీ లేదని ఉంది. ఇంకేముంది, కంపెనీ నుంచి ‘పాలసీకి ముందే జబ్బు ఉంది, ఎందుకు దాచారు?’ అని ఉత్తరం. మమ్మల్ని గట్టెక్కించింది మా ఊళ్లో నాన్నను చూసే డాక్టరు గారి పాత లాంగ్ నోట్‌బుక్. నాన్న పేరిట ఉన్న పేజీలో 2015 నాటి మొదటి ఎక్కువ రీడింగు, దాని పక్కన ‘ఉప్పు తగ్గించమన్నాను, నెల తర్వాత రమ్మన్నాను’ అని ఆయన చేతిరాత. ఆ పేజీ జిరాక్సు, ఆయన సంతకంతో ఒక లెటరు పంపాం. క్లెయిమ్ వచ్చింది. అప్పటికి ఆయన ఫీజు వంద రూపాయలు.

అలాంటి మనిషిని వెతకాలి. బోర్డు మీద డిగ్రీల వరస చూసి మురిసిపోకండి. ఎంబీబీఎస్ చాలు, జనరల్ మెడిసిన్‌లోనో ఫ్యామిలీ మెడిసిన్‌లోనో పీజీ ఉంటే ఇంకా మంచిది. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. దాన్ని నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో పేరుతో సరిచూసుకోవచ్చు. వీధి చివర ఆర్‌ఎంపీ ఆపదకు అడ్డుపడే మనిషే కావచ్చు, కాదనను. కానీ జ్వరం అనగానే సెలైన్, ఇంజెక్షన్ అనే చోట షుగరు ఉన్న మీ ఆవిడను కూర్చోబెట్టకండి.

ఎవరిని అడగాలి? మెడికల్ షాపులో అడిగితే చెప్తారు గానీ, ఆ సలహాలో వాళ్ల వ్యాపారం కూడా కలిసి ఉంటుంది. పొద్దున వాకింగ్‌కి వచ్చే రిటైర్డ్ టీచర్లను, మీ వార్డు ఏఎన్ఎంను అడగండి. ల్యాబులో రక్తం తీసే కుర్రాడిని ‘మీ అమ్మకు ఒంట్లో బాగోలేకపోతే ఎవరికి చూపిస్తావ్ బాబూ?’ అని అడగండి. రెండుమూడు చోట్ల ఒకే పేరు వినిపిస్తే అక్కడికి వెళ్లండి. అదీ జబ్బు లేని రోజున, సాయంత్రం రద్దీ మొదలవకముందే. పాత ఫైలు ఆయన చేతికివ్వండి. కాగితాలు తిరగేసి, ఇప్పుడు వాడుతున్న మాత్రలేంటో అడిగి, వాటిలో ఒకటి ‘ఇదెందుకమ్మా?’ అన్నారంటే, ఆ మూడొందలు మీ ఏడాది ఖర్చుల్లోకెల్లా మంచి ఖర్చు. ఫైలు పక్కన పెట్టి ఎనిమిది పరీక్షలు రాశారంటే ఫీజిచ్చి దణ్ణం పెట్టి వచ్చేయండి. రాత్రిపూట ఇబ్బందైతే ఎక్కడికి వెళ్లమంటారో కూడా మొదటిరోజే అడగండి.

లెక్క ఇలా వేద్దాం. మీరిద్దరూ ఏడాదిలో పదేసిసార్లు వెళ్తే ఫీజు 6 వేలు. అవసరమైన పరీక్షలకు 9 వేలు. మందులకు 5 వేలు. డాక్టరు ఒప్పుకుంటే, చౌకగా జనరిక్ మందులు అమ్మే జనఔషధి కేంద్రంలో ఇంకా తగ్గొచ్చు, కానీ థైరాయిడ్, ఫిట్స్, రక్తం పలచబడే మాత్రల్లాంటివి ఆయన్ను అడక్కుండా మార్చకండి. ఏడాదికోసారి కళ్లు, గుండె చూపించుకోవడానికి విశాఖ ట్రిప్పు ఒకటి, 8 వేలు. మొత్తం 28 వేలు. అమ్మగారికీ అనుకోని వాటికీ 12 వేలు కలిపి, 40 వేలు విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఏటా ఏప్రిల్లో మళ్లీ నింపండి. ఇంకో లక్ష ఎఫ్‌డీలో ఉండాలి, దాన్ని ముట్టుకోవద్దు. ఆసుపత్రిలో చేరినప్పుడు, బిల్లు నేరుగా తానే కడతానని బీమా కంపెనీ ఒప్పుకునేదాకా (క్యాష్‌లెస్ అప్రూవల్) అడ్వాన్స్ కట్టమంటే పనికొస్తుంది. విశాఖలో షుగరు డాక్టరు గారికి రిపోర్టులు వీడియో కాల్‌లో చూపించుకోవచ్చు, 2020 మార్గదర్శకాలు వచ్చాక దానికి నియమాలున్నాయి. ప్రతిసారీ కారు అక్కర్లేదు.

అమ్మగారి పేరిట ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం కోసం 2024 అక్టోబరులో కేంద్రం తెచ్చిన పథకం ఇది. అయితే ఆసుపత్రిలో చేరితేనే, ఓపీకి కాదు. మీరు పాత ఆదాయ పన్ను విధానంలోనే ఉంటే, బీమా లేని అమ్మగారి వైద్యం ఖర్చుకు 50 వేల వరకు మినహాయింపు ఉంది. నగదుగా ఇస్తే చెల్లదు. క్లినిక్‌లో కాంపౌండరు చిల్లర అడిగినా సరే, ఫోన్‌పేలోనే ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇంకొక్కటి. 84 ఏళ్ల మనిషిని ఆటో ఎక్కించి దించడమే ఒక గండం. అవసరమైతే ఇంటికి వచ్చి చూస్తారా, ఎంత తీసుకుంటారు అని మొహమాటపడకుండా ముందే అడగండి. ఐదొందలంటే ఐదొందలు, వెయ్యంటే వెయ్యి, బేరమాడకండి.