గొంతు వినిపిస్తుంది, మాట అందదు

ప్రశ్న: మావారికి 64 ఏళ్లు. వంటగదిలోంచి పిలిస్తే పలకరు, గొంతు పెంచితే ‘ఎందుకలా అరుస్తావు?’ అని విసుక్కుంటారు. కావాలనే చేస్తున్నారా?

జవాబు: కాకపోవచ్చు. వయసుతో వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా హెచ్చు శ్రుతి (సన్నని, కీచు) ధ్వనులు ముందుగా తగ్గుతాయి కనుక, అచ్చులు వినబడుతున్నా స, ష, త వంటి హల్లులు జారిపోయి, మీ గొంతు ఆయనకు చేరినా మాట విడిపడదు. పైగా దెబ్బతిన్న చెవికి పెద్ద శబ్దం చప్పున కర్ణకఠోరమవుతుంది. ఆ విసుగు మీ మీద కాదు. కుళాయి కట్టేసి, ఎదురుగా వచ్చి, పేరో వరుసో పెట్టి పిలిచి, ఆయన చూశాక మాట మొదలుపెట్టండి. అర్థం కాకపోతే అదే మాటను రెట్టించక, వేరే మాటల్లో చెప్పండి. ‘ఏమీ లేదులెండి’ అని మాత్రం తుంచేయవద్దు. చెవిటితనం కన్నా ఆ మాటే ఎక్కువ నొప్పిస్తుందని నా అభిప్రాయం. చెవి వైద్యుని వద్ద ఆడియోగ్రామ్ (వినికిడిని కొలిచే) పరీక్షకు మీరూ వెంట వెళ్లండి. వినికిడి యంత్రం అవసరమైతే, దానికి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది.