ప్రొద్దుటూరు నుంచి చిల్కాకు... పంపాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఇంటర్ ఎంపీసీ చదివిన మావాడు నేవీలో అగ్నివీర్‌గా ఎంపికయ్యాడు. వచ్చే నెల ఒడిశాలోని చిల్కాలో ట్రైనింగ్. విదేశీ జలాల్లో ఓడల మీద క్షిపణులు పడటం టీవీలో చూసినప్పటి నుంచి వాళ్లమ్మకు నిద్ర లేదు. వాడికి ఈత కూడా రాదు. పంపమంటారా?

జవాబు: అమ్మగారి భయాన్ని నేను కొట్టిపారేయను. 1971 యుద్ధంలో మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ప్రమాదమే లేదని చెప్పి పంపితే మోసం చేసినట్టే.

కానీ చేరిన రోజే ఎవరినీ యుద్ధానికి తోలరు. ఐఎన్ఎస్ చిల్కా అంటే ఓడ కాదు, సరస్సు ఒడ్డున ఉన్న శిక్షణ కేంద్రం. పరేడ్, రైఫిల్, ఈత అక్కడే మొదలు. మంటలార్పడం కూడా నావికుడి పనే. నడిసముద్రంలో ఫైరింజన్ ఎక్కడి నుంచి వస్తుంది? 2024 జనవరిలో యెమెన్ దగ్గరి ఏడెన్ గల్ఫ్‌లో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్ ఓడకు క్షిపణి తగిలి నిప్పంటుకుంటే, మన యుద్ధనౌక ఐఎన్ఎస్ విశాఖపట్నం నావికులు వెళ్లి ఆర్పడానికి సాయపడ్డారు. ఆ ట్యాంకర్‌లో 22 మంది భారతీయులున్నారు. ఈ సంగతి కూడా అమ్మగారికి చెప్పండి.

ఇక ఈత. ఒకప్పుడు మన సీమ పిల్లలు నడుముకు సొరబుర్ర కట్టుకుని బావిలో దూకేవాళ్లు. బోర్లొచ్చి బావులెండాయి, ఆ ముచ్చటా పోయింది. అక్కడ నేర్పుతారు గానీ, ఈ నెల రోజులు కోచ్ ఉన్న స్విమ్మింగ్ పూల్‌కు పంపితే వాడికే సులువు.

నా టెన్షన్ వేరే. ఉద్యోగం నాలుగేళ్లే. ఆ తర్వాత పర్మనెంట్ చేసేది 25 శాతం మందిని మించదు. మిగతావాళ్లు సేవా నిధి (నెలనెలా జీతంలోంచి పట్టుకునే వాటాకు ప్రభుత్వం అంతే కలిపి చివర్లో ఇచ్చే మొత్తం) కింద పది లక్షల చిల్లర తీసుకుని ఇంటికి రావాలి, పెన్షన్ లేదు. మొదటి ఏడాది జీతం నెలకు 30 వేలు, చేతికొచ్చేది 21 వేలు. ఆ డబ్బుతో ఇంటి అప్పు తీర్చే ఆలోచన పెట్టుకోకండి. అగ్నివీర్ల శిక్షణకే సగం క్రెడిట్లు ఇచ్చే ఇగ్నో దూరవిద్య డిగ్రీ ఉంది, మొదటి ఏడే చేరమనండి. ఇరవై రెండేళ్లకు చేతిలో డిగ్రీ ఉన్నవాడికీ, ఉత్త ఇంటర్‌తో తిరిగొచ్చినవాడికీ చాలా తేడా.

ఇంతకీ మీ అబ్బాయి ఏమంటున్నాడో మీరు రాయనేలేదు. రేపు మీ ఇద్దరూ లేనప్పుడు వాడి స్నేహితుడి చేతనైనా అడిగించండి. మీ బలవంతం మీద వెళ్తున్నట్టయితే ఇప్పుడే ఆపేయండి. చేరాక నచ్చలేదని మధ్యలో వచ్చేయడం మామూలుగా కుదరదు.