పీకేడీలో బీపీ ఎక్కువై పొటాషియం తగ్గితే

పీకేడీ (కిడ్నీల్లో సిస్టులు, అంటే నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య జబ్బు) ఉంది, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) బాగానే ఉంది, బీపీ మాత్రం 160/100, పొటాషియం 3.0 వచ్చింది, కిడ్నీ జబ్బులో పొటాషియం పెరగాలి కదా అని అడిగారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాక పెరిగే మాట నిజమే. మీరింకా ఆ దశకు రాలేదు.

నాకూ పీకేడీయే, నాన్న నుంచి వచ్చింది. క్రియాటినిన్ నార్మల్‌గా ఉండగానే బీపీ మొదలైంది. రాత్రిళ్లు పిక్కలు పట్టేసేవి, మెట్లెక్కుతుంటే తొడలు బరువెక్కేవి. పొటాషియం 3.1. మొదట చూసిన డాక్టరు పొటాషియం సిరప్ రాశారు. నీళ్లలో కలిపినా ఉప్పగా, చేదుగా గొంతులో పట్టుకునేది. తాగినన్నాళ్లూ పెరిగేది, ఆపితే మళ్లీ పడిపోయేది.

అసలు సంగతి నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) చెప్పారు. సిస్టులు పెరిగేకొద్దీ పక్కనున్న రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం సరిగా అందని చోట కిడ్నీ రెనిన్ అనే పదార్థాన్ని వదులుతుంది, దాంతో ఆల్డోస్టిరాన్ అనే హార్మోను పెరుగుతుంది. అది ఒంట్లో ఉప్పును పట్టి ఉంచుతుంది, పొటాషియాన్ని మూత్రంలోకి తోసేస్తుంది. బీపీ పెరగడం, పొటాషియం తగ్గడం, రెండూ ఒక్క చోటి నుంచే అన్నమాట.

కానీ అందరికీ ఇదే కారణం అనుకోకండి. బీపీకి వాడే హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి మూత్రం మాత్రలతోనూ తగ్గుతుంది. మీ బిళ్లల్లో అది కలిసి ఉందేమో అట్ట మీద చూడండి. వాంతులు, విరేచనాలు అయినా అంతే. కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో గడ్డ ఉన్నా ఇలాగే అవుతుంది, కానీ అప్పుడు ఆల్డోస్టిరాన్ ఎక్కువగానే ఉన్నా రెనిన్ అణిగిపోయి ఉంటుంది. పీకేడీ ఉంది కదా, బీపీ అందువల్లే అనుకుని దీన్ని వదిలేసే ప్రమాదం ఉంది. అందుకే రెనిన్, ఆల్డోస్టిరాన్ రెండూ కలిపి చేయించమని గట్టిగా అడగండి. పొటాషియం మరీ తక్కువగా ఉండగా చేస్తే ఆల్డోస్టిరాన్ తక్కువగా చూపించవచ్చు, ముందు దాన్ని సరిచేస్తారు. కొన్ని బీపీ మాత్రలూ ఫలితాన్ని మారుస్తాయి. ఏది ఆపాలో డాక్టరే చెప్పాలి, మీరుగా ఆపొద్దు.

నాకు రెనిన్, ఆల్డోస్టిరాన్ రెండూ ఎక్కువే వచ్చాయి. రెనిన్ ప్రభావాన్ని అడ్డుకునే బీపీ మందు టెల్మిసార్టాన్ డోసు పెంచి, ఉప్పు తగ్గించమన్నారు. బీపీ దిగింది, సిరప్ అవసరం లేకుండానే పొటాషియం నిలబడింది. ఈ రకం మందు మొదలుపెట్టినా, డోసు మార్చినా ఒకటి రెండు వారాల్లో పొటాషియం, క్రియాటినిన్ చూపించుకోవాలి. సిరప్ కూడా వాడుతుంటే పొటాషియం మరీ పెరిగిపోవచ్చు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి, ఈ మందులు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి.

గుండె దడగా కొట్టుకున్నా, కాళ్లు లేవకపోయినా టెస్టుల కోసం ఆగకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి.