గ్యారేజీలో మొదటి హక్కు కార్లదే

డాలస్ శివార్లలో కొత్త ఇంట్లోకి మారామనీ, రెండు కార్ల గ్యారేజీ నిండా అట్టపెట్టెలూ సూట్‌కేసులూ చేరి కార్లు బయటే ఉంటున్నాయనీ, గోడల పొడవునా క్యాబినెట్లు బిగిస్తామని వచ్చినవారికి ఒప్పుకోవచ్చా అనీ మీరు అడిగారు. ఫ్రిస్కోలో ఇల్లు కట్టుకుని చాలా ఏళ్లుగా ఉంటున్న అనుభవంతో చెబుతున్నాను, ఇప్పుడే ఒప్పుకోకండి. ఉత్తర టెక్సస్‌లో వసంతకాలం వచ్చిందంటే వడగళ్ల భయం వచ్చినట్టే. వేల డాలర్ల కారును ఆకాశం కింద వదిలేసి, విప్పని అట్టపెట్టెలకు కప్పు నీడ ఇవ్వడం ఏ లెక్కన చూసినా సరికాదు. ఇక్కడిది మన గుంటూరు నల్లరేగడి వంటి నేల. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే ఈ మట్టి వల్ల ఇళ్లకు బేస్‌మెంటు, అంటే నేల కింద గది, ఉండటం అరుదు కాబట్టి సామాను భారమంతా గ్యారేజీ మీద పడుతుంది. అందుకే ప్రణాళిక కార్ల నుంచే మొదలు కావాలి.

ఇరవై అడుగుల వెడల్పు, అంతే లోతు ఉన్న గ్యారేజీని తీసుకుందాం. టయోటా సియెన్నా పొడవు దాదాపు 17 అడుగులు, వెడల్పు ఆరున్నర అడుగులు. కామ్రీ వెడల్పు 6 అడుగులు. రెండింటినీ పక్కపక్కన నిలిపితే మిగిలేది ఏడున్నర అడుగులు. దాన్ని కుడి, ఎడమ, మధ్య పంచితే ఒక్కొక్క వైపు వచ్చేది రెండున్నర అడుగులే. తలుపు తెరిచి, నిద్రపోయిన బిడ్డను కారు సీటులోంచి ఎత్తుకోవాలంటే ఆ చోటంతా కావాలి. అక్కడ రెండడుగుల లోతు క్యాబినెట్ బిగిస్తే తలుపు దానికే తగులుతుంది. కాబట్టి కార్లను లోపల నిలిపి, తలుపులూ వెనుక డిక్కీ పూర్తిగా తెరిచి, వాటి అంచుల వెంట నేల మీద సుద్దతో గీతలు గీయండి. ఆ గీతలకు వెలుపల ఉన్నదే మీ అసలు స్థలం. పక్క గోడలకు చీపుర్లు, మడత కుర్చీలు, నిచ్చెన వంటి పలుచని వస్తువులను కొక్కేలకు తగిలించుకోవచ్చు. కార్ల ముందున్న గోడకు ఒకటిన్నర అడుగు లోతు అరలు పెట్టినా మనిషి పక్కకు తిరిగి నడిచే దారి మిగులుతుంది.

మా ఇంట్లో సమస్యను నిజంగా తీర్చింది మాత్రం పైకప్పు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల ఇనుప రాక్‌ను కప్పుకు వేలాడదీయడానికి ఒక పనివాడిని పిలిచాము. అతను ప్లాస్టిక్ ప్లగ్గులు తీసి, కప్పుకు అడుగున వేసిన సుద్దపలక అయిన డ్రైవాల్‌కే నేరుగా మరలు బిగించబోయాడు. ప్లగ్గుల పెట్టె మీద బరువు రాసి ఉంది కదా అన్నది అతని వాదన. అరంగుళం మందం సుద్దపలక కింద మా కారు, ఆ కారు పక్కనే పిల్లలు నడిచే దారి ఉన్నాయని చెప్పి పని ఆపించాను. డబ్బు తీసుకుని ఇతరుల ఇళ్లలో ఇలాంటి పని చేసేవారిని చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

తరువాతి శనివారం మా బావగారు వచ్చారు. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి కప్పు మీద నెమ్మదిగా జరిపితే, సుద్దపలకను పైనున్న చెక్క దూలానికి బిగించిన మర తల ఉన్న చోట అది పట్టుకుని ఆగేది. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టాము. అదే వరుసలో మరికొన్ని గుర్తులు దొరికాయి, పక్క దూలం 24 అంగుళాల దూరంలో దొరికింది. సన్నని బిట్‌తో రంధ్రం వేస్తుంటే మొదట చేతి మీద తెల్లని సుద్దపొడి రాలింది, ఆ తరువాత డ్రిల్లు బరువెక్కి, లేత పసుపు చెక్కపొట్టు చుట్టలు చుట్టలుగా దిగింది. ఆ పొట్టు కనిపించిన చోటే లాగ్ స్క్రూలు, అంటే చెక్కలోకి దిగే లావుపాటి మరలు, బిగించాము. రాక్ మీద రాసిన బరువు పరిమితి దూలంలోకి బిగించినప్పుడే వర్తిస్తుంది. గ్యారేజీ తలుపు పూర్తిగా పైకి లేచినప్పుడు రాక్‌కు తగలకుండా ముందే కొలుచుకోండి. తలుపు పైనున్న స్ప్రింగులను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, వాటిలో మనిషిని తీవ్రంగా గాయపరిచేంత బిగువు ఉంటుంది.

మన తెలుగు కుటుంబాల్లో పైకి చేరవలసినవి ముందుగా సూట్‌కేసులు. అమ్మానాన్నలు వచ్చి వెళ్లినప్పుడల్లా వాటి సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. ఖాళీ పెట్టెలను అలాగే పైకెక్కించకుండా వాటిలో చలికాలం దుప్పట్లు, అతిథుల పరుపు బట్టలు నింపండి. బొమ్మల కొలువు మెట్లు, వినాయక చవితి మండపం సామాను, దీపావళి దీపాల తోరణాలు మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి, కింద నుంచి కనిపించే పక్కన పేరు రాయండి. మూత మీద రాస్తే డబ్బా దించితే తప్ప తెలియదు. విందులకు వాడే పెద్ద గిన్నెలు బరువైనవి కాబట్టి అరల్లో నడుము ఎత్తులో ఉండాలి.

వేసవిలో గ్యారేజీ లోపల వేడి వంద ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటుతుంది. ఫొటో ఆల్బములు, మందులు, ఊరి నుంచి వచ్చిన పచ్చళ్లు, బియ్యం బస్తాలు అక్కడ పెట్టడం నాకు సుతరామూ నచ్చదు. గ్రిల్లుకు వాడే ప్రొపేన్ సిలిండర్ ఎప్పుడూ ఇంటి బయట, గాలి ఆడే చోటే ఉండాలి. గ్యాస్ వాటర్ హీటర్ గ్యారేజీలోనే ఉన్న ఇళ్లలో పెట్రోలు డబ్బా దాని దరిదాపుల్లోకి రాకూడదు. హీటర్ ఆక్రమించిన నేలను కూడా కార్ల చోటుగా లెక్కవేసి ఇళ్లు అమ్మే బిల్డర్ల పద్ధతి మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

క్యాబినెట్ల వారిని మళ్లీ పిలవాలనుకుంటే కార్లు రెండూ లోపల ఉన్న రోజునే పిలవండి. సుద్ద గీతలు దాటకుండా ఎంత లోతు ఇవ్వగలరో, దేనికి బిగిస్తారో కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.