క్యాంప్‌గ్రౌండ్లు మూతపడుతున్నది జనం రాకపోవడం వల్ల కాదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కాలిఫోర్నియా వచ్చి కొన్నేళ్లయింది, పిల్లల్ని ఒక్కసారైనా టెంటులో పడుకోబెడదామంటే పార్కుల్లో సైట్లు (టెంటు వేసుకునే చోట్లు) దొరకడం లేదు, వెతికిన చోటల్లా మూసేశాం అనే కనిపిస్తోంది, జనానికి క్యాంపింగ్ మీద మోజు తగ్గి ప్రభుత్వం వదిలేస్తోందా అని. నేను బే ఏరియాలో చాలాకాలంగా ఉంటున్నాను. మేమూ, స్నేహితుల కుటుంబాలూ కలిసి వేసవి వస్తే ఎక్కడో ఒకచోట టెంట్లు వేస్తూనే ఉన్నాం కాబట్టి చూసిందీ తెలుసుకున్నదీ రాస్తున్నాను.

మోజు ఏమాత్రం తగ్గలేదు. తగ్గి ఉంటే యోసెమిటీ నేషనల్ పార్కు లోయలో సైటు కోసం ఐదు నెలల ముందే, నెలలో 15వ తేదీన పొద్దున్న ఏడింటికి, ఇంట్లో ఉన్నవాళ్లమంతా తలా ఒక ల్యాప్‌టాప్ ముందేసుకుని టెన్షన్‌తో కూర్చోవాల్సిన పని లేదు. వేసవి వారాంతాలైతే కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతాయి.

తగ్గింది సైట్లు. వరద వచ్చింది, అడవి తగలబడింది, తుఫాను కొట్టింది అని కారణాలు చెప్తారు, అవన్నీ నిజమే. కానీ నేను చూసినంతలో అసలు జబ్బు వేరే: పైపులకీ బాత్రూములకీ రోడ్లకీ అని విడిగా పక్కన పెట్టిన డబ్బు లేకపోవడం. ఆ డబ్బు ఉన్నచోట దెబ్బ తగిలినా క్యాంప్‌గ్రౌండ్ చాలావరకు మళ్లీ తెరుచుకుంటుంది, లేనిచోట చిన్న మరమ్మతు వచ్చినా గేటుకి తాళం పడుతుంది.

ముందు రాష్ట్ర పార్కుల సంగతి చెప్తాను, ఎందుకంటే మనలాంటి కుటుంబాలకి దగ్గరగా ఉండేవి అవే. 2010 నవంబరు ఎన్నికల్లో ప్రాపొజిషన్ 21 అని, ఓటర్లే నేరుగా తేల్చాల్సిన ప్రతిపాదన ఒకటి పెట్టారు. బండి రిజిస్ట్రేషన్‌తో పాటు ఏడాదికి 18 డాలర్లు అదనంగా వసూలు చేస్తారు, ఆ డబ్బు రాష్ట్ర పార్కులకీ వన్యప్రాణుల రక్షణకీ పోతుంది, కట్టినవాళ్ల బండ్లకి రాష్ట్ర పార్కుల్లో ప్రవేశం ఉచితం. జనం కాదన్నారు, ఓడిపోయింది. ఆర్నెల్లు తిరిగేసరికి, 2011 మే నెలలో, ఉన్న 278 పార్కుల్లో 70 మూసేస్తామని ప్రకటించారు. మన చుట్టుపక్కలవే చూస్తే హెన్రీ కో, పోర్టొలా రెడ్‌వుడ్స్, కాజిల్ రాక్, సొనోమాలో షుగర్‌లోఫ్ రిడ్జ్, అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. స్థానిక సంస్థలు, దాతలు, వలంటీర్లు ముందుకొచ్చి చందాలు పోగుచేసి చాలావాటిని నిలబెట్టారు. షుగర్‌లోఫ్‌ని 2012 నుంచి స్థానిక సంస్థలే కలిసి నడుపుతున్నాయి, క్యాంప్‌గ్రౌండ్‌తో సహా. ఇంతా జరిగాక 2012 జులైలో పార్కుల శాఖ ఖాతాల్లో లెక్కలో చూపించని సుమారు 5.4 కోట్ల డాలర్లు బయటపడ్డాయి. డైరెక్టర్ రాజీనామా చేశారు. అందులో చాలా భాగం ఆఫ్‌రోడ్ బండ్ల నిధిది, క్యాంప్‌గ్రౌండ్లకి వాడే వీల్లేనిది. అది నిజమే గానీ, పార్కు నిలవాలని పిల్లలు కూడా డబ్బాలు పట్టుకుని చందాలు అడిగిన ఊళ్లలో ఆ వార్త ఎంత మంట పుట్టించిందో నేను చూశాను. ఆ కోపం న్యాయమైనదే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రోజుల్లోనే ఒక రాష్ట్ర పార్కుకి వెళ్లాం. పేరు వద్దులెండి. మా అత్తగారు మొదటిసారి ఇండియా నుంచి వచ్చారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు, అందుకే బాత్రూముకి ఆనుకుని ఉన్న సైటు చూసి మరీ తీసుకున్నాం. వెళ్లేసరికి బాత్రూముకి గొలుసు వేసి తాళం. గుమ్మంలో ఎండిన ఆకులు మోకాలి ఎత్తున పేరుకుని ఉన్నాయి, అంటే ఆ తలుపు తెరిచి చాలాకాలమే అయింది. సైటు పక్కన కుళాయికి నల్లటి చెత్త కవరు తొడిగి టేపు చుట్టారు. వాడుకోవాలంటే గేటు దగ్గర నిలబెట్టిన ప్లాస్టిక్ టాయిలెట్లే గతి. చీకటి పడ్డాక ఆవిడ చెయ్యి పట్టుకుని ఎత్తుపల్లాల రోడ్డు మీద అంత దూరం నడిపించుకెళ్లాను. రెండోసారి అడగడానికి మొహమాటపడి ఆవిడ రాత్రి నీళ్లు తాగడమే మానేశారు. పొద్దున్న వచ్చిన రేంజర్ని అడిగితే నీళ్ల లైను ఎక్కడో భూమిలో పగిలిందనీ, ఎక్కడో కనుక్కోవడానికే డబ్బు లేదనీ చెప్పాడు. ఆ తర్వాత కొన్నాళ్లకి ఆ లూప్ (ఒకే చుట్టు రోడ్డు మీదున్న సైట్ల వరస) మొత్తం బుకింగ్ జాబితాలోంచి తీసేశారు. ఏ వరదా లేదు, ఏ మంటా లేదు.

ఇది అన్నిచోట్లా ఒకేసారి ఎందుకు ముంచుకొస్తోందంటే, ఈ క్యాంప్‌గ్రౌండ్లు చాలావరకు ఒకే వయసువి. కొన్ని 1933 నుంచి 1942 దాకా నిరుద్యోగ యువకులతో కట్టించినవి, ఇంకా ఎన్నో నేషనల్ పార్కుల్లో మిషన్ 66 పేరుతో 1956 నుంచి పదేళ్లపాటు వంద కోట్ల డాలర్లు పెట్టి చేసిన పనుల్లో వచ్చినవి. అప్పుడు వేసిన పైపులు, సెప్టిక్ ట్యాంకులు, కరెంటు లైన్లు అన్నీ కలిసికట్టుగా ముసలివైపోయాయి. పైగా క్యాంప్‌గ్రౌండ్‌లో తాగునీటి సరఫరా ఉంటే దానికీ నీటి పరీక్షల నిబంధనలు ఉంటాయి, పాత బావితో ఎలాగోలా నెట్టుకురావడం కష్టం. నేషనల్ పార్కుల్లో ఇలా వాయిదా పడ్డ మరమ్మతుల విలువ 2023 నాటికి 2,300 కోట్ల డాలర్ల దరిదాపుకి చేరింది. ఇక 2025 ఫిబ్రవరిలో కొత్తగా చేరిన ఉద్యోగుల్ని సుమారు వెయ్యిమందిని ఒక్క దెబ్బకి తీసేశారు. తర్వాత కోర్టు ఆదేశాలతో వెనక్కి పిలిచారు గానీ ఈలోపు చాలామంది వెళ్లిపోయారు. బాత్రూములు కడిగేవాళ్లూ, గేటు దగ్గర రుసుము తీసుకునేవాళ్లూ లేకపోతే క్యాంప్‌గ్రౌండ్ తెరవడం ఎలా కుదురుతుంది?

యోసెమిటీలో జరిగింది ఇంకో రకం. 1997 జనవరి మొదట్లో కొండల మీది మంచు మీద వెచ్చటి వాన పడి మెర్సిడ్ నది పొంగింది, పార్కు రెండు నెలలకి పైగా మూతపడింది. ఒడ్డున ఉన్న అప్పర్ రివర్, లోయర్ రివర్ క్యాంప్‌గ్రౌండ్లు రెండూ పోయాయి, లోయర్ పైన్స్‌లో కూడా కొంత పోయింది. లోయలో 800 దాటి ఉండే సైట్లు 466కి పడిపోయాయి. బాగుచేయడానికి కాంగ్రెస్ 17 కోట్ల డాలర్లకి పైనే ఇచ్చింది, కాబట్టి ఇక్కడ డబ్బు లేదనడానికి లేదు, కానీ ఆ డబ్బులోంచి ఆ రెండు క్యాంప్‌గ్రౌండ్లు మాత్రం తిరిగి రాలేదు. మెర్సిడ్ 1987 నుంచి చట్టం కాపాడే నది, దాని ఒడ్డున ఏం చేయాలన్నా నది ప్రణాళిక ఉండాలి. ఆ ప్రణాళిక 2000లో ఒకటి, 2005లో ఇంకొకటి వచ్చి రెండూ కోర్టులో వీగిపోయి, చివరికి 2014లో ఖాయమైంది. అందులో లోయ మొత్తానికి 640 సైట్లు అని రాశారు. పదిహేడేళ్ల తర్వాత కాగితం మీద కూడా పాత లెక్క తిరిగి రాలేదన్నమాట. వరదకి ముందు అక్కడ క్యాంప్ చేసిన పాత సహోద్యోగి ఒకాయన మమ్మల్ని ఆ చోటికి తీసుకెళ్లి చూపించారు. పైన్ ఆకుల కింద పాత తారు రోడ్డు ముక్కలు ముక్కలుగా ఇంకా ఉంది, మలుపు తిరిగే చోట అంచు కూడా తెలుస్తోంది. ఆయన తమ సైటు ఇక్కడే అని ఒక చెట్టు దగ్గర ఆగి, ఇక్కడ పొయ్యి, ఇక్కడ బల్ల అని చేత్తో చూపిస్తుంటే మా పిల్లలు మరి ఇప్పుడెందుకు లేదు అని అడిగారు.

అయితే మూసిన ప్రతిదీ అన్యాయం అనను. బిగ్ బేసిన్‌ని చూడండి, 1902లో ఏర్పడింది, కాలిఫోర్నియాలో అన్నిటికన్నా పాత రాష్ట్ర పార్కు. 2020 ఆగస్టులో పిడుగులు పడి లేచిన మంటల్లో పార్కులో నూటికి 97 వంతులు కాలింది, క్యాంప్‌గ్రౌండ్లు, క్యాబిన్లు, పాత కార్యాలయం అన్నీ బూడిదయ్యాయి. 2022 జులైలో పగటిపూట మాత్రం మళ్లీ తెరిచారు. ఇప్పుడు కట్టేవాటిని పాత రెడ్‌వుడ్ చెట్ల మధ్య కాకుండా దూరంగా కట్టాలన్నది వాళ్ల ఆలోచన. నాకది సబబుగానే అనిపిస్తుంది. రెడ్‌వుడ్ చెట్టు ఎంత ఎత్తున్నా వేళ్లు లోతుకి పోవు, పక్కకి పాకుతాయి, పైన కార్లూ మనుషులూ తిరిగితే మట్టి గట్టిపడిపోయి చెట్టుకి ఊపిరాడదు. ఈ మాట కొత్తది కూడా కాదు. ఎమిలియో మైనెక్ అనే చెట్ల వ్యాధుల శాస్త్రవేత్త 1920లలోనే ఇక్కడి రెడ్‌వుడ్ పార్కులు తిరిగి చూసి చెప్పాడు. ఒకవైపే వెళ్లే లూప్ రోడ్డు, ప్రతి సైటుకీ కారు పెట్టుకునే చిన్న పక్కదారి, అది దాటి కారు పోకుండా అడ్డంగా రాళ్లు, మనం ఈరోజు ఏ క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్లినా చూసే ఈ నమూనా ఆయన చెట్ల వేళ్ల కోసం ఆలోచించి పెట్టిందే.

సముద్రం ఒడ్డున సీక్లిఫ్ సంగతీ అంతే, 2023 జనవరి తుఫాన్లలో ఆర్వీలు (ఇల్లులాంటి పెద్ద బండ్లు) పెట్టుకునే క్యాంప్‌గ్రౌండ్ ధ్వంసమైంది, పక్కనే సముద్రంలోకి కట్టిన చెక్క వంతెనని (పియర్) కూల్చేయాల్సి వచ్చింది. మళ్లీ అక్కడే కడితే మళ్లీ కొట్టుకుపోతుంది. ఇలాంటి చోట్ల ప్రమాదం ఉంటే మూసేయండి, కానీ దానికి బదులు ఇంకోచోట ఎన్ని సైట్లు, ఎప్పటికి ఇస్తారో అదే ప్రకటనలో చెప్పండి అన్నదే నా పట్టుదల. అలా చెప్పకపోతే పోయిన సైట్లు ఇక తిరిగి రావు.

డబ్బు ఇస్తే ఏమవుతుందో కూడా చూశాం. యోసెమిటీలోనే టువొలమ్ మెడోస్‌లో 300కి పైగా సైట్లున్న క్యాంప్‌గ్రౌండ్‌ని 2022లో మూసినప్పుడు, ఇక దీని పనీ అయిపోయిందని మా వాళ్లందరం అనుకున్నాం. కానీ 2020లో పార్కుల మరమ్మతులకనే చేసిన చట్టం కింద నిధులొచ్చాయి, నీళ్ల లైన్లు, బాత్రూములు బాగుచేసి 2025 వేసవిలో తెరిచారు.

ఇక మీకు ఈ వేసవికి పనికొచ్చేది చెప్తాను. కౌంటీ పార్కులు చూడండి, మన వాళ్లు వీటిని అసలు పట్టించుకోరు. శాంటా క్లారా కౌంటీలో మౌంట్ మడోన్నా, జోసెఫ్ గ్రాంట్, ఊవస్ కాన్యన్, కొయోటీ లేక్ ఉన్నాయి. నేను చెప్తున్న అసలు జబ్బు లేని చోటు ఇదే. 1972లోనే ఇక్కడి ఓటర్లు ఆస్తి పన్నులో కొంత పార్కులకే అని రాసిపెట్టించారు, 2016లో మళ్లీ ఓటేసి పొడిగించారు. అందుకే కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. మొదటిసారైతే మౌంట్ మడోన్నానే నయం, రెడ్‌వుడ్ చెట్లున్నాయి, పిల్లలు రాత్రి భయపడి ఇంటికెళ్దామన్నా శాన్ హోసే నుంచి గంట ప్రయాణం. బుక్ చేసి వెళ్లలేకపోతే మాత్రం తప్పకుండా రద్దు చేయండి. ఖాళీగా పడున్న సైట్లు నేను ప్రతిసారీ చూస్తున్నాను. ఈ బాధ పడలేకే 2023లో రాష్ట్రం తన పార్కుల్లో, చెప్పకుండా ఎగ్గొట్టేవాళ్లకీ, ఆఖరి నిమిషంలో రద్దు చేసేవాళ్లకీ కట్టిన డబ్బులో కోత పెట్టే చట్టం తెచ్చింది. వారాంతానికి రెండు మూడు రోజుల ముందు అలా రద్దయిన సైట్లు బయటికొస్తాయి, గురువారం సాయంత్రం ఒకసారి చూడండి.

పిల్లల వయసెంతో, ఏ ఊరి నుంచి బయల్దేరతారో రాస్తే ఏ లూప్‌లో బాత్రూము దగ్గరో, ఏ సైటుకి సాయంత్రం నీడ పడుతుందో చెప్తాను.